లేజర్ కింద కరిగిన లోహం ఎలా గట్టిపడుతుందో మీ ల్యాప్‌టాప్‌లోనే లెక్కకట్టడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు రోజుల్లో అడిగేది ఒకటే: "సార్, మెటల్ త్రీడీ ప్రింటింగ్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. కాలేజీలో మిషను లేదు. సిమ్యులేషన్ చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." ఒక్కొక్కరికి విడిగా చెప్పిందే మళ్లీ చెబుతున్నాను కాబట్టి ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

ఇది మనకు దూరంగా ఉన్న విషయమేం కాదు. మనం మేడెక్కి చూసే పీఎస్‌ఎల్‌వీకి నాలుగో దశలో వాడే ఇంజన్ను ఇస్రో, లోహపు పొడిని పొర మీద పొరగా లేజర్‌తో కరిగించే త్రీడీ ప్రింటింగ్‌తో చేయించి, 2024 మే 9న మహేంద్రగిరిలో 665 సెకన్లు మండించి పరీక్షించింది. 14 విడిభాగాలు ఉండేచోట ఒకే ముక్క అయింది, 19 వెల్డింగ్ అతుకులు పోయాయి. అదే నెల 30న అగ్నికుల్ అనే ప్రైవేటు కంపెనీ వాళ్ల రాకెట్ ప్రింట్ చేసిన ఇంజనుతోనే శ్రీహరికోట నుంచి లేచింది. 2022 దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న చోటది. అలాంటి ఇంజనులో ప్రతి చుక్క లోహం కరిగి, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా గట్టిపడింది. పగులు వస్తుందా, బలం ఉంటుందా అన్నది చాలావరకు ఆ కాస్త సమయంలోనే తేలుతుంది. మనం లెక్కకట్టబోయేది దాన్నే.

ముందు ఐదు నిమిషాల సిద్ధాంతం

మైపాడు రోడ్డులో రొయ్యల లారీలకు ఎత్తే ఐసు దిమ్మను ఎప్పుడైనా దగ్గరగా చూడండి. పక్కలు గాజులా తేటగా ఉంటాయి. నడిమి మాత్రం తెల్లగా, మసకగా ఉంటుంది. నీళ్లు డబ్బా గోడల దగ్గర మొదట గడ్డకడతాయి. గడ్డకట్టే అంచు తనలో ఇమడని ఉప్పునీ గాలినీ ముందుకు నెట్టుకుంటూ పోతుంది, అవన్నీ చివరగా గడ్డకట్టే నడిమికి చేరతాయి. దిమ్మను పగలగొడితే గోడల నుంచి లోపలికి బారుగా పెరిగిన పలుకులు కూడా కనిపిస్తాయి. అల్లాయ్‌లోనూ (మిశ్రమ లోహంలోనూ) ఇదే జరుగుతుంది. బారుగా పెరిగేవి గ్రెయిన్లు, అంటే లోహపు పలుకులు; నెట్టుకుపోయేవి నియోబియం లాంటి మూలకాలు.

ఇక గుర్తుంచుకోవాల్సినవి రెండే అంకెలు. గట్టిపడే అంచు దగ్గర ఉష్ణోగ్రత గ్రేడియంట్ (దూరంతో ఉష్ణోగ్రత మారే రేటు) ఎంత, ఆ అంచు కదిలే వేగం ఎంత. రెండింటినీ గుణిస్తే కూలింగ్ రేటు వస్తుంది. లోపలి నిర్మాణం సన్నగా ఉంటుందా, ముతకగా ఉంటుందా అన్నది అది చెబుతుంది. గ్రేడియంట్‌ను వేగంతో భాగిస్తే వచ్చే అంకె గ్రెయిన్లు బారుగా వస్తాయా, గుండ్రంగా వస్తాయా అన్నది చెబుతుంది.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. 16 ఉంటే హాయి.
- పైథాన్, అందులో నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్.
- కాగితం, పెన్ను, కాలిక్యులేటర్. ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు.
- మీరు తీసుకునే అల్లాయ్ ధర్మాల పట్టిక. గది ఉష్ణోగ్రతవి కాదు, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరివి.
- ఎవరైనా నిజంగా కొలిచిన మెల్ట్ పూల్ (లేజర్ కింద కరిగిన లోహపు మడుగు) వెడల్పు, లోతు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్లు ఏఎం-బెంచ్ 2018 పేరుతో ఇంకోనెల్ 625 అనే నికెల్ అల్లాయ్ ప్లేటు మీద లేజర్ గీతలు గీసి, కొలతలన్నీ ఉచితంగా పెట్టారు. మిషను లేని మనకు అంతకంటే మంచి డేటా దొరకదు.

లైసెన్సు కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ మొదట్లో అవసరం లేదు.

1. ఒకే అల్లాయ్, ఒకే గీత

పొడి, పొరల మీద పొరలు, పూర్తి భాగం ఇవన్నీ తర్వాత. ముందు పొడి లేని ప్లేటు మీద ఒక్క లేజర్ గీత చాలు. కింద ఉదాహరణకు 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటాను. లేజర్ 200 వాట్లు, వేగం సెకనుకు 0.8 మీటర్లు, ప్లేటు 80 డిగ్రీలు.

2. ధర్మాల పట్టిక రాసుకోండి

కరిగే ఉష్ణోగ్రత 1400 డిగ్రీలు (పూర్తిగా ద్రవమయ్యేది). ఉష్ణవాహకత 25, సాంద్రత 7400, విశిష్టోష్ణం 700. అన్నీ మీటరు, కిలో, సెకను లెక్కలోనే. లేజర్ శక్తిలో లోహం పీల్చుకునే వంతు 0.4 అనుకుందాం, అంటే 200లో 80 వాట్లే లోపలికి పోతున్నాయి.

హెచ్చరిక: హ్యాండ్‌బుక్ తెరవగానే కనిపించే ఉష్ణవాహకత 15 గది ఉష్ణోగ్రతది. కరిగే దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపు అవుతుంది. 15 వేస్తే లేజర్ వెనక సాగే మెల్ట్ పూల్ తోక, కింది మెట్టులో వచ్చే 386 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బదులు 640 పైన వస్తుంది. వేగాన్ని మిల్లీమీటర్లలో, వాహకతను మీటర్లలో వేయడం ఇంకో పెద్ద తప్పు. ప్రతి అంకె పక్కనా యూనిట్ రాసుకోండి.

3. కంప్యూటర్ తెరవకముందే చేత్తో లెక్క

ఈ మెట్టు ఎవరికీ నచ్చదు, కానీ అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 1940ల్లో వెల్డింగ్ కోసం డేనియల్ రోసెంతాల్ ఇచ్చిన సూత్రం నుంచి నాలుగు చిన్న లెక్కలు వస్తాయి.

మెల్ట్ పూల్ తోక పొడవు = పీల్చుకున్న వాట్లు ÷ (2 × 3.14 × వాహకత × ఉష్ణోగ్రత తేడా). ఉష్ణోగ్రత తేడా 1400 − 80 = 1320. కాబట్టి 80 ÷ (6.28 × 25 × 1320). జవాబు సుమారు 386 మైక్రాన్లు.

లోతు వర్గం = 2 × పీల్చుకున్న వాట్లు ÷ (3.14 × 2.718 × సాంద్రత × విశిష్టోష్ణం × వేగం × ఉష్ణోగ్రత తేడా). వర్గమూలం తీస్తే సుమారు 58 మైక్రాన్లు. వెడల్పు దానికి రెట్టింపు, దాదాపు 117.

తోక చివర గ్రేడియంట్ = 1320 ÷ తోక పొడవు. మీటరుకు 34 లక్షల డిగ్రీలు.

కూలింగ్ రేటు = గ్రేడియంట్ × వేగం. సెకనుకు 27 లక్షల డిగ్రీలు.

ఇంత పెద్ద అంకె చూసి తప్పు చేశామని కంగారు పడొద్దు. ఈ పద్ధతిలో సెకనుకు లక్షల డిగ్రీలు మామూలే. మీ లెక్కలో వేలల్లో వచ్చినా, వందల కోట్లలో వచ్చినా యూనిట్లు మళ్లీ చూడండి.

4. అదే సూత్రాన్ని పైథాన్‌లో పెట్టండి

లేజర్ ఉన్న చోటును సున్నాగా తీసుకోండి. వెనక 600, ముందు 100 మైక్రాన్లు, పక్కకు 100, లోతుకు 100. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి సగమే చాలు. 2 మైక్రాన్ల గ్రిడ్ వేస్తే 8.75 లక్షల బిందువులు. పాత ల్యాప్‌టాప్ అయినా క్షణాల్లో చేసేస్తుంది.

ఒక్కో బిందువు దగ్గర ఉష్ణోగ్రత పెరుగుదల = పీల్చుకున్న వాట్లు ÷ (2 × పై × వాహకత × దూరం). దాన్ని ఎక్స్‌ప్(−వేగం × (దూరం + ముందువైపు దూరం) ÷ (2 × విసరణ))తో గుణించాలి. విసరణ అంటే వాహకత ÷ (సాంద్రత × విశిష్టోష్ణం). లేజర్ వెనక ముందువైపు దూరం రుణసంఖ్య అవుతుంది. ఈ గుర్తు తారుమారైతే తోక లేజర్ ముందు కనిపిస్తుంది. బొమ్మ గీయగానే మొదట చూడాల్సింది ఇదే.

లేజర్ బిందువు దగ్గర ఉష్ణోగ్రత అనంతానికి పోతుంది. అది సూత్రంలో ఉన్న లోపమే, మీ కోడ్‌ది కాదు. అక్కడి అంకెల్ని రిపోర్టులో ఎక్కడా వాడొద్దు. 1400 డిగ్రీల గీత మీదే మన దృష్టి.

సరిచూసుకోవడం: తోక 386 దగ్గర, లోతు 58 దగ్గర రావాలి. తర్వాత వేగం రెట్టింపు చేసి చూడండి. తోక పొడవు మారకూడదు, కూలింగ్ రేటు రెట్టింపు కావాలి, లోతు పాత లోతును దాదాపు 1.4తో భాగించినంతకు తగ్గాలి. ఈ మూడూ జరిగితే కోడ్ సరిగ్గా ఉన్నట్టే.

5. కొలిచిన మెల్ట్ పూల్‌తో పోల్చండి

ఇప్పుడు అల్లాయ్‌ను ఇంకోనెల్ 625కి మార్చి, ఏఎం-బెంచ్‌లో 195 వాట్లు, సెకనుకు 800 మిల్లీమీటర్ల గీతను తీసుకోండి. మీ వెడల్పు, వాళ్లు కొలిచిన వెడల్పు పక్కపక్కన పెట్టండి. మొదటిసారి కలవదు. పీల్చుకునే వంతును 0.3 నుంచి 0.6 మధ్య జరిపి వెడల్పు కలపండి. అప్పుడు లోతు ఎంత వచ్చిందో చూడండి.

రోసెంతాల్ సూత్రంలో అడ్డకోత ఎప్పుడూ అర్ధవృత్తమే, అంటే లోతు వెడల్పులో సగం. కొలిచిన లోతు అంతకంటే బాగా ఎక్కువ ఉంటే లేజర్ లోహాన్ని ఆవిరి చేసి బావిలాంటి గుంట తవ్వుతోందని అర్థం. దాన్ని కీహోల్ అంటారు. అక్కడ ఈ సూత్రం పనిచేయదు. పీల్చుకునే వంతును 0.9 దాకా పెంచి ఎలాగోలా కలపాలని చూడొద్దు. తక్కువ శక్తి ఉన్న ఇంకో గీత ఎంచుకోండి. లేదా లోతుకు పాకే వేడిమూలంతో ఓపెన్‌ఫోమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేయండి.

ఇంకో సంగతి, ఈ సూత్రంలో గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెరగకుండా కరగడానికే పట్టే వేడి) లేదు. 316ఎల్‌కి అది కిలోకు 260 కిలోజౌళ్ల పైచిలుకు. లోహాన్ని 1320 డిగ్రీలు వేడెక్కించడానికి పట్టేది 924. కాబట్టి వదిలేసింది చిన్నదేమీ కాదు. పీల్చుకునే వంతును సర్దినప్పుడు ఈ లోటు కూడా అందులోనే కలిసిపోతుంది. రిపోర్టులో ఆ మాట రాయండి.

6. అంచు వెంట రెండు అంకెలు తీయండి

1400 డిగ్రీల ఉపరితలం మీద ఒక్కో చోటా గ్రేడియంట్ తీసుకోండి. నమ్‌పైలో దానికి రెడీగా ఫంక్షన్ ఉంది. అంచు వేగం మాత్రం లేజర్ వేగం కాదు. లేజర్ వేగాన్ని, లేజర్ కదిలే దిశకూ అంచుకు లంబంగా ఉండే దిశకూ మధ్య కోణం కొసైన్‌తో గుణించాలి.

పదిమందిలో ఎనిమిది మంది అన్నిచోట్లా లేజర్ వేగమే వేస్తారు. అది తప్పు. మెల్ట్ పూల్ అట్టడుగున (మన లెక్కలో లేజర్‌కు 142 మైక్రాన్లు వెనక) అంచు వేగం సున్నా. అక్కడి నుంచి తోక దాకా పెరుగుతూ పోయి చివర లేజర్ వేగానికి చేరుతుంది. అడుగున గ్రేడియంట్ ఎక్కువ, వేగం తక్కువ కాబట్టి గ్రెయిన్లు బారుగా మొదలవుతాయి. గుండ్రటివి పుట్టే అవకాశం ఉంటే అది తోక వైపు, పైన.

అడుగు నుంచి వెనక భాగమే తీసుకోండి. ముందు సగంలో లోహం కరుగుతోంది, గట్టిపడటం లేదు.

7. సెల్ సైజు, అక్కడున్న ఉచ్చు

ఒక్కో గ్రెయిన్ లోపల కనిపించే సన్నటి గళ్లే సెల్స్. 316ఎల్ లాంటి ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీళ్లకు బాగా వాడే సంబంధం: 80 మైక్రాన్లను కూలింగ్ రేటు 0.33 ఘాతంతో భాగించండి. 27 లక్షలకు 0.60 మైక్రాన్లు వస్తుంది. ప్రింట్ చేసిన 316ఎల్‌లో కనిపించే సెల్స్ మామూలుగా అర మైక్రాను నుంచి ఒక మైక్రాను మధ్యే ఉంటాయి. చీమకుర్తి గెలాక్సీ రాయిలో మెరిసే పలుకులు కంటికే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ రాయి భూమి లోపల తీరిగ్గా చల్లారింది. ఇక్కడ చల్లారే తొందరకు మామూలు మైక్రోస్కోప్ కూడా సరిగా చాలదు.

ఉచ్చు ఏమిటంటే, సెల్ సైజు కలిసింది కదా అని మోడల్ కరెక్ట్ అనుకోవడం. నేను గైడ్ చేసిన మొదటి బ్యాచ్‌లో నేనే ఇందులో పడ్డాను. పిల్లలు 0.81 మైక్రాన్లు చూపించారు, పేపర్లలో ఉన్నదానికి సరిపోయింది, నేను సంతకం పెట్టాను. వైవాలో ఎక్స్‌టర్నల్ ఒకే ప్రశ్న అడిగారు, "మెల్ట్ పూల్ వెడల్పు ఎంత?" అప్పటికప్పుడు కోడ్ నడిపితే 185 మైక్రాన్లు వచ్చింది. పీల్చుకునే వంతు 1 అని వేశారు, లేజర్ శక్తి మొత్తం లోపలికి పోయినట్టు. ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. తప్పు వాళ్లది కాదు, చూడాల్సింది చూడకుండా సంతకం పెట్టిన నాది.

కారణం ఆ 0.33 ఘాతమే. కూలింగ్ రేటు పదింతలు తప్పినా సెల్ సైజు రెండింతల చిల్లరే మారుతుంది. అందుకే వెడల్పు, లోతు కలవకుండా ఏడో మెట్టుకు రావొద్దు.

8. మూలకాలు ఎక్కడ పోగుపడతాయి

ఇది 316ఎల్‌లో కంటే ఇంకోనెల్ 718లో బాగా తెలుస్తుంది. అందులో నియోబియం 5 శాతం, అది ఘనంలోకి పోయే నిష్పత్తి దాదాపు 0.5. గట్టిపడేకొద్దీ మూలకం ఎలా పోగుపడుతుందో చెప్పే షైల్ సూత్రం ప్రకారం మొదట గట్టిపడేదాంట్లో 2.5 శాతం. ఆ తర్వాత మిగిలిన ద్రవం వంతుకు వర్గమూలం తీసి, దాంతో 2.5ను భాగిస్తూ పోండి. పదో వంతు ద్రవం మిగిలినప్పుడు గట్టిపడేదాంట్లో 7.9, ఇరవయ్యో వంతు మిగిలినప్పుడు 11.2. ఐసు దిమ్మ నడిమి తెలుపు ఇదే. నియోబియం ఎక్కువగా ఉండే పెళుసైన పదార్థం, లావెస్ ఫేజ్, పుట్టేది అక్కడే.

జాగ్రత్త: అంచు మరీ వేగంగా కదిలితే మూలకాలకు పక్కకు తప్పుకునే టైమ్ ఉండదు, ఘనంలోనే చిక్కుకుపోతాయి. అప్పుడు షైల్ ఎక్కువ చూపిస్తుంది. దాన్ని పై హద్దుగా మాత్రమే చెప్పండి. పూర్తి అల్లాయ్‌కి చేయాలంటే పైకాల్ఫాడ్ అనే పైథాన్ ప్యాకేజీ ఉచితం, కానీ సరైన థర్మోడైనమిక్ డేటాబేస్ దొరకాలి.

9. గ్రెయిన్ల బొమ్మ

అందరికీ కావాల్సింది ఈ రంగురంగుల బొమ్మే. సెల్యులార్ ఆటోమాటా (చోటునంతా గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి పక్క గళ్లను బట్టి గట్టిపడేలా లెక్కకట్టే) పద్ధతిలో ముందు మీరే చిన్నది రాయండి. 400 × 100 మైక్రాన్లు, గడి 1 మైక్రాను. ఒక్క టైమ్ స్టెప్‌లో అంచు గడిలో ఐదో వంతు దాటకూడదు, అంటే మన వేగానికి 0.25 మైక్రోసెకన్లు. కొత్త గ్రెయిన్లను గాల్లోంచి పుట్టించకండి. ముందుగా ప్లేటులో ఉన్న గ్రెయిన్లే మెల్ట్ పూల్ అంచు నుంచి పైకి పెరగాలి.

పరీక్ష ఇదీ. ఒకే గ్రెయిన్‌ను 30 డిగ్రీలు తిప్పి, ఉష్ణోగ్రత అంతటా ఒకటే పెట్టి పెరగనివ్వండి. దాని కొమ్ములు చివరిదాకా 30 డిగ్రీల్లోనే ఉండాలి. గ్రిడ్ గీతల వైపు తిరిగిపోతే మీ గ్రెయిన్లు గ్రిడ్ చెప్పినట్టు పెరుగుతున్నాయి, లోహం చెప్పినట్టు కాదు. గాండిన్, రాపాజ్ 1990ల్లో ఇచ్చిన కేంద్రం జరిపే పద్ధతి దీనికోసమే. అది కుదిరాక అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్ల ఎక్సాసీఏ ప్రోగ్రాంకి వెళ్లండి. ఉచితమే, కానీ లినక్స్ కాస్త వచ్చి ఉండాలి.

గట్టిపడే అంచును గీతలా కాక సన్నటి పట్టీలా తీసుకుని లెక్కకట్టే ఫేజ్ ఫీల్డ్ పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. 5 నానోమీటర్ల గ్రిడ్‌తో 5 × 10 మైక్రాన్ల ముక్కకే 20 లక్షల బిందువులు కావాలి. నాలుగు సెల్స్ మధ్య ఏం జరుగుతోందో చూడాలనుకుంటే మూస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేయండి. మొత్తం మెల్ట్ పూల్‌కి మాత్రం ల్యాప్‌టాప్‌లో కుదరదు.

రాత్రంతా నడిపే ముందు

మే నెలలో మన దగ్గర ఎండ 40 దాటాక ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి నడపొద్దు, కింద రెండు పుస్తకాలు పెట్టి గాలి ఆడనివ్వండి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ప్రతి వెయ్యి స్టెప్పులకూ ఫలితాన్ని ఫైల్‌లో సేవ్ చేసేలా రాయండి, మళ్లీ అక్కడి నుంచే మొదలయ్యేలా. రివ్యూ ముందురోజు రాత్రి టెన్షన్ సగం దీంతోనే తగ్గుతుంది.

గ్రిడ్ సగానికి తగ్గించి మళ్లీ ఒకసారి నడపండి. వెడల్పు, లోతు రెండు మూడు శాతం దాటి మారితే మొదటి గ్రిడ్ ముతకదని అర్థం.

చివరి పరీక్ష

195 వాట్లు, 800 వేగానికి పీల్చుకునే వంతు సరిచేసుకున్నారు కదా. ఇప్పుడు దాన్ని ముట్టుకోకుండా, వేగం 1200 చేసి నడపండి. వచ్చిన వెడల్పును కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆ తర్వాతే నిస్ట్ వాళ్లు ఆ గీతకు కొలిచిన వెడల్పు తెరిచి చూడండి. రెండు అంకెలూ, మధ్య తేడా ఎంత శాతమో రిపోర్టు మొదటి పేజీలోనే పెట్టండి, తేడా ఎక్కువ వచ్చినా సరే.